మూడో ప్రమాద హెచ్చరిక

భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకొస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. అధికారుల ఈ లెక్కను మా టైలరు మాస్టారు అంగుళాల్లోకి దించి జనం నడుములకు వాడుకుంటారు. మెడలో టేపు తీసి ఆసామి పొట్ట చుట్టూ తిప్పి, "సారుకు మొదటి హెచ్చరిక, రాసుకోరా!" అని కాజాలు కుట్టే కుర్రాడికి కేకేస్తారు. ఆసామి ఊపిరి బిగబట్టాడా, ఊరుకోరు. "గేట్లు ఎత్తండి సారూ! రేపు ప్యాంటులో ఎలాగూ వదలాల్సిందేగా!"

1986 ఆగస్టులో నది 75.6 అడుగులకు పొంగింది. ఆ రికార్డు ఇంకా చెక్కుచెదరలేదు. మాస్టారి కొలతల పుస్తకం ఆ వరదలోనే తడిసిందట. అప్పట్నుంచి ఎవరి చొక్కా బిగుతైనా నేరం గోదావరిదే.

ఈ కొట్టు వాళ్ల నాన్నగారిది. 1965లో వంతెన మొదలయ్యాక ఫ్యాషన్లకూ దారి దొరికింది. బెల్‌బాటం వచ్చింది. దాని ఒక్క కాలి గుడ్డతో ఇప్పటి కుర్రాడికి నిండు ప్యాంటు కుట్టొచ్చు. తర్వాత సఫారీలు. కొత్తగూడెంలో సింగరేణి బోనసు పడితే దసరా దాకా మిషను చప్పుడు ఆగేది కాదంటారు.

ఇక వాయిదాలు. శ్రీరామనవమికి సర్కారువారి ముత్యాల తలంబ్రాలు వేళకు వస్తాయి, మాస్టారి ప్యాంటు రాదు. పెళ్లికొడుకే వచ్చి మొత్తుకున్నా, "ముందు రాములోరి పెళ్లి కానీ నాయనా, నీకేం తొందర?" అంటారు. ఎవరు ఎప్పుడడిగినా, "అంతా అయిపోయింది, కాజాలొక్కటే మిగిలాయి." అయితే చర్ల, దుమ్ముగూడెం వైపు నుంచి వచ్చినవాళ్లను మాత్రం తిప్పించుకోరు. చీకటి పడకముందే వాళ్లు అడవి దారి బస్సెక్కాలి. ఈ గుట్టు తెలిసిన ఊరివాళ్లు కొందరు, చేతిలో ఖాళీ సంచీ పట్టుకుని చర్ల నుంచి దిగినట్టు నటిస్తారు.

ఇప్పుడంతా రెడీమేడ్. మొన్న ఒక కుర్రాడు జీన్సు తెచ్చి పొడవు తగ్గించమన్నాడు. మాస్టారు దాన్ని రెండు వేళ్లతో ఎత్తి చూశారు.

"ఇది ఎవరి కొలతకు కుట్టారు బాబూ?"

"ఎవరి కొలతా కాదు మాస్టారూ, ముప్ఫై నాలుగు."

ఆయన ముఖంలో మూడో హెచ్చరిక ఎగిరింది. జీన్సును మూలకు విసిరేశారు. వారం తర్వాత కుర్రాడు మళ్లీ వచ్చాడు.

"అయిపోయింది బాబూ, కాజాలొక్కటే మిగిలాయి."

"కాలు మడిచి కుట్టడానికి కాజాలెందుకు మాస్టారూ?"

"అది తేలకే ఆలస్యమవుతోంది. రేపు రా."