మార్కు పోయినా సరే, డబ్ల్యూతో రాయండి

పరీక్షలకు చదివే పిల్లలకు నేనిచ్చే మొదటి సలహా ఇది: హోలిస్టిక్ అనే ఇంగ్లిష్ మాటను డబ్ల్యూతో మొదలుపెట్టి రాయండి. మార్కు పోతే పోనివ్వండి. అది గ్రీకు 'హోలోస్' నుంచి వచ్చిందనీ, ఇంగ్లిష్ 'హోల్'తో దానికి చుట్టరికం లేదనీ మాస్టారు సరిదిద్దుతారు. నిజమే. కానీ రెంటి అర్థమూ 'మొత్తం' అనే. డబ్ల్యూ కంటపడితే ఆ అర్థం జన్మలో మరిచిపోరు.

'సమగ్ర' అని మాత్రం తెనిగించకండి. పత్రికలన్నీ అలాగే రాస్తాయి, అయినా వద్దు. 2014 ఆగస్టు 19న తెలంగాణలో జరిగింది సమగ్ర కుటుంబ సర్వే. ఒక్క ఇల్లూ వదలకూడదన్నదే అక్కడి పట్టు. హోలిస్టిక్ పని అది కాదు. వరి పసుపుబారిందనుకోండి. యూరియా బస్తా విప్పేముందు మడిలో నీరు ఎన్నాళ్లుగా నిలిచిందో, నేల చౌడుదో కాదో, వేర్లు ఎలా ఉన్నాయో చూడాలి. నిలిచిన నీటికి వేరు దెబ్బతింటే, వేసిన ఎరువును పైరు అందుకోలేదు. నీటికీ వేరుకీ ఎరువుకీ మధ్య ఉన్న ఆ ముడిని పట్టుకోవడమే హోలిస్టిక్. అందుకే 'కలిపి చూసే' అనండి. మోటుగా ఉంటే ఉండనీ, రైతుకు అర్థమవుతుంది.

ఇక అందరూ కాదనే సలహా. హోలిస్టిక్ అనే మాట వాడిన ప్రతిచోటా, దాని కిందే మీరు చూడకుండా వదిలేసినవి రాయండి. ఉద్యోగ దరఖాస్తులోనైనా సరే. ఉద్యోగం రాదంటారు. అయినా రాయమంటాను. ఎందుకో ఆ మాట పుట్టుకే చెబుతుంది.

హోలిజం, హోలిస్టిక్ అనే మాటలను జనరల్ స్మట్స్ 1926లో తన 'హోలిజం అండ్ ఇవల్యూషన్' పుస్తకంతో లోకానికిచ్చాడు. దక్షిణాఫ్రికాకు రెండుసార్లు ప్రధాని. గాంధీ అక్కడి జైల్లో చెప్పులు కుట్టి ఇచ్చింది ఈయనకే. ముక్కలన్నీ కూడినదానికన్నా మొత్తం పెద్దదని అంత పుస్తకం రాసినవాడు, సొంత దేశంలో ఎక్కువమంది అయిన నల్లవాళ్లకు తెల్లవాళ్లతో సమానంగా ఓటు ఉండాలని ఒప్పుకోలేదు. చూడనివాటి జాబితా ఆయన రాసుకుని ఉంటే అందులో మొదట ఉండాల్సింది వాళ్లే.

కాబట్టి ఈసారి హోలిస్టిక్ అని రాసినప్పుడు కలం మూయకండి. కింద ఇంకో నాలుగు గీతలు ఖాళీగా ఉంచి, వదిలేసినవాళ్ల పేర్లు రాయండి.