బొటనవేలి బొమ్మ

పార్వతీపురంలో ఉన్న మా అక్క, తన మీద నాకు కోపమొచ్చిందని చాన్నాళ్లు బాధపడింది. అలా అనుకునేట్టు చేసింది నేనే.

అక్కకి చెవులు సరిగా వినపడవు. ఫోన్లో మాట కుదరదు. మాకు రాతే మాట. విజయనగరం నుంచి రాయపూర్ దాకా 1931లో రైలు మార్గం పూర్తయ్యాక ఇటు వచ్చిన తెలుగు రైల్వే కుటుంబాల్లోకి నేను కోడలిగా వచ్చాను. ఇక్కడ బడిలో హిందీ, బజారులో ఛత్తీస్‌గఢీ. నా పిల్లలు తెలుగు మాట్లాడతారు, చదవలేరు. అందుకే వాట్సాప్‌లోనూ తెలుగు లిపిలోనే రాసేదాన్ని. ఆ పట్టుదల ఇప్పటికీ సరైందేనంటాను.

కుడి బొటనవేలి మొదట్లో నొప్పి పట్టుకుంది. సీసా మూత తిప్పలేను, తాళం తీయలేను. కీలు అరిగిందన్నారు డాక్టరు, ఆస్టియోఆర్థరైటిస్. వేలి కొసన పెట్టే బలం మొదట్లోని కీలు మీద దాదాపు పన్నెండు రెట్లై పడుతుందట. ఫోన్ పట్టుకున్న చేతి వేలితోనే అక్షరాలు కొట్టొద్దన్నారు. మన లిపి సంగతి నాకు తెలుసు కదా: ‘రాష్ట్రం’ అని రాయాలంటే ర, దీర్ఘం, ష, పొల్లు, ట, పొల్లు, ర, సున్న. ఎనిమిది నొక్కులు. ఈ జబ్బు కుటుంబాల్లో వస్తుంటుంది, మీ అమ్మగారికి ఉండేదా అని కూడా డాక్టరు అడిగారు. అమ్మ వేళ్ల కణుపులు కళ్ల ముందు మెదిలాయి. అక్క చేతులెలా ఉన్నాయో అనే ఆలోచనే రాలేదు.

నొప్పి ఎవరికీ చెప్పలేదు. ముగ్గుకీ పిండివంటలకీ పేరుపడ్డ చెయ్యి పాడైందని ఒప్పుకోలేకపోయాను. అక్క పేజీలకి పేజీలు రాసేది, మనవడి పెళ్లిచూపుల దగ్గర్నుంచి పెరట్లో పనస దాకా. నేను బొటనవేలి బొమ్మ ఒకటి పంపి ఊరుకునేదాన్ని. “ఏటే చెల్లీ, కోపమా?” అంటే దానికీ నవ్వు మొహం బొమ్మే.

దారి లేక కాదు. గూగుల్ 2017లోనే తెలుగు మాటని అక్షరాలుగా మార్చే సౌకర్యం తెచ్చింది. మా అబ్బాయి చూపించాడు కూడా. నోటితో చెప్తే అది రాత ఎలా అవుతుంది, చదువురానివాళ్ల పని అని తోసేశాను. ఎంత అహంకారం! మా కాలనీలో అక్షరం రాని ఆడవాళ్లు మైకు నొక్కి రోజూ పుట్టింటితో మాట్లాడుకుంటున్నారు.

అక్క కూతురు వచ్చి, “పిన్నీ, అమ్మేం తప్పు చేసింది?” అని అడిగింది. నాకు నోట మాట రాలేదు.

ఆ రాత్రి ఫోన్‌ని బల్ల మీద నిలబెట్టి అంతా చెప్పుకున్నాను. కొన్ని వత్తులు తప్పు పడ్డాయి, ఎడమ చేతి చూపుడువేలితో దిద్దాను. మర్నాడు జవాబొచ్చింది. అక్క బొటనవేలికీ అదే జబ్బట, నా కంటే ముందే మొదలైందట. ఆ పేజీలన్నీ ఆ వేలితోనే కొట్టిందట. మైకు గుర్తు ఎక్కడుంటుందో చెప్పమని అడిగింది. కీబోర్డు పైవరసలో కుడి చివర ఉంటుందని చెప్పాను.