సూపురాయుడు

కాల్చిన గుమ్మడికాయతో ఇంట్లో చిక్కటి సూపు కాచి, నలుగురి చేతా తాగించే కోనసీమ పెద్దమనిషి సూపురాయుడు. వయసు అరవై దాటి ఉంటుంది. అంతకు ముందు మంచినీళ్ల కోసమైనా వంటింట్లోకి వెళ్లి ఎరగడు. నీళ్లే ఆయన దగ్గరికి వచ్చేవి. కొడుకు దగ్గరో కూతురు దగ్గరో అమెరికాలో ఆర్నెల్లు ఉండి వచ్చాక లక్షణాలు బయటపడతాయి. రిటైరైన హెడ్మాస్టరు, బ్యాంకు మేనేజరు, ఇరిగేషన్ ఇంజనీరు, కొబ్బరితోట కౌలుకిచ్చేసిన రైతు, ఈ నలుగురిలోనూ ఈ రకం ఎక్కువ. అమలాపురం, కొత్తపేట, రాజోలు పట్టణాల్లో వెతక్కుండానే తగులుతారు. లంక గ్రామాల్లో తక్కువ, ఓవెన్ను రేవు దాటించడం కష్టం కనక. కోనసీమ ప్రత్యేక జిల్లా అయి, కలెక్టరాఫీసు అమలాపురం వచ్చింది 2022 ఏప్రిల్ 4న. సూపు అంతకు ముందే వచ్చింది.

ఇది అంటుకునేది నవంబరులో. ఆ నెల నాలుగో గురువారం అమెరికాలో థాంక్స్‌గివింగ్ పండగ. ఆ రోజుల్లో అక్కడ ఏ దుకాణం చూసినా గుమ్మడికాయలే. బయట చలి, టీవీలో అర్థంకాని ఆట, మాట్లాడదామంటే వీధిలో పురుగు ఉండదు. అలాంటి సాయంత్రం కోడలు బట్టర్‌నట్ స్క్వాష్ అనే కాయని, మెడ సన్నంగా అడుగు లావుగా ఆనపకాయ పోలికలో ఉన్నదాన్ని, నిలువునా చీల్చి ఓవెన్లో పెడుతుంది. గంటన్నరలో వేడివేడి గిన్నె ఆయన చేతికొస్తుంది. ఆ పరిస్థితిలో ఎవరికైనా ఆ గిన్నె మీద ప్రేమ పుడుతుంది. ఆయన డైరీ తీసి కొలతలు రాసుకుంటాడు. పెళ్లయిన నలభై ఏళ్లలో ఇంటావిడ చేసిన ఏ వంటకీ ఈ గౌరవం దక్కి ఉండదు.

ఆ బట్టర్‌నట్ 1940ల్లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్టో అనే ఊళ్లో చార్లెస్ లెగెట్ తయారుచేసిన రకం. దాని శాస్త్రనామం కుకుర్బిటా మోస్కాటా. మన బజార్లలో చెక్కలుగా కోసి అమ్మే తియ్యగుమ్మడి కూడా చాలావరకు ఆ జాతిదే. గుమ్మడి పుట్టిల్లు అమెరికా ఖండాలు. యూరపు ఓడల రాకపోకలు మొదలయ్యాకే మన దేశానికి చేరింది. చేరి ఎంతగా కలిసిపోయిందంటే, సంక్రాంతి దానాల్లో దానికి చోటుంది, దప్పళంలో దానిదే పెద్దపీట. సూపురాయుడు సప్తసముద్రాలు దాటి వెళ్లి చూసి మురిసింది తన పెరటి పాదుకి దాయాదినే. ఈ సంగతి ఎవరైనా చెబితే నమ్మడు. అక్కడి కాయ రుచే వేరంటాడు.

బూడిదగుమ్మడి వేరే కుదురు. దాని శాస్త్రనామం బెనిన్‌కాసా హిస్పిడా. అది వడియాలకీ, గుమ్మానికి దిష్టి కట్టడానికీ. కొత్తగా రంగంలోకి దిగిన సూపురాయుడు మొదటిసారి సైజు చూసి దాన్నే తెస్తాడు. ఆ రోజు ఇంట్లో సూపు ఉండదు, మర్నాడు డాబా మీద వడియాలుంటాయి.

సూపుకి కాలం చలికాలం. కోనసీమలో చలికాలమంటే డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున ఫ్యాను ఒకటి తగ్గించుకునే కొద్ది వారాలు. రాత్రిపూట వేడి 18, 20 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. సూపురాయుడికి అది చాలు. అమెరికాలో కొన్న ఉన్నిటోపీ పెట్టుకుని సంచి పట్టుకుని బయల్దేరతాడు.

బజార్లో ఆయన్ని గుర్తుపట్టడం తేలిక. అందరూ గుమ్మడి చెక్క అడుగుతారు, ఆయన కాయ మొత్తం అడుగుతాడు. అసలు చూడవలసినవి మూడు: సైజుకి మించిన బరువు, ఎండిన తొడిమ, గోరు దిగని తొక్క. ఆయన ఇవేమీ చూడడు. పది కాయలు తట్టి, చెవి పెట్టి విని, మొదట తట్టినదే తీసుకుంటాడు.

"దప్పళానికాండి?" అంటాడు అమ్మేవాడు.

"కాదు, సూపుకి."

"ఆయ్," అని, అలవాటు కొద్దీ సంచిలో రెండు ములక్కాడలూ ఓ కరివేపాకు రెబ్బా పడేస్తాడు. దప్పళానికి కావలసినవి అవి.

పరికరాల్లో ముఖ్యమైనది ఓవెను. మొదటి గండం కూడా అక్కడే. డైరీలో 400 డిగ్రీలని ఉంటుంది. అమలాపురంలో కొన్న ఓవెను మర 250 దగ్గర ఆగిపోతుంది. మన సరుకులు ఇంతే అని ఆయన దేశపరిస్థితి మీద అరగంట మాట్లాడతాడు. అమెరికాలో ఫారన్‌హీట్ అనీ, ఇక్కడ సెల్సియస్ అనీ, ఆ 400 ఇక్కడి 200కి కాస్త ఎక్కువనీ మనవరాలు వీడియో కాల్లో చెప్పాక ఊరుకుంటాడు. ఆ మనవరాలు చదివేది ఐదో తరగతి. ఆయన లెక్కల మాస్టారైతే ఈ ఘట్టం ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తకూడదు.

ఐదుగురికి సూపు కావాలంటే కిలోన్నర గుమ్మడికాయ, రెండు ఉల్లిపాయలు, తొక్క తీయని వెల్లుల్లి రెబ్బలు ఆరు, అంగుళం అల్లం, పది మిరియాలు, ఒక కొబ్బరికాయ, రెండు చెంచాల నూనె, తగినంత ఉప్పు ఉండాలి. కాయని రెండుగా చేసి గింజలు తీయాలి. కోసిన వైపు నూనె, ఉప్పు రాసి ఆ ముఖం కిందికి పెట్టి, పక్కన ఉల్లి, వెల్లుల్లి సర్ది, 200 డిగ్రీల వేడిలో నలభై ఐదు నిమిషాలు కాల్చాలి. వెల్లుల్లి ముందే మెత్తబడుతుంది కనక సగంలో తీసేయాలి. కాలిన గుమ్మడి తొక్క చేత్తో లాగితే వచ్చేస్తుంది.

ఈ పనుల పంపకం గమనించదగ్గది. గుమ్మడికాయ తొక్క గట్టిది. కత్తిపీట ముందు కూర్చుని దాన్ని రెండు చేసేది ఇల్లాలు. గింజలు తీసేది ఆవిడే, వాటిని కడిగి ఎండబెట్టేదీ ఆవిడే. ఉల్లిపాయలు కోడలివో పనమ్మాయివో. సూపురాయుడు నూనె రాస్తాడు. రాసి, ట్రేని ఓవెన్లో పెట్టి, తలుపు మూసి, మర తిప్పుతాడు. ఆ తలుపు చప్పుడైన క్షణం నుంచి సూపు ఆయనది.

కాల్చడానికి కారణముంది. గుమ్మడిలో నూటికి తొంభై వంతులు నీరే. ఉడకబెడితే ఆ నీరు ఎటూ పోదు, సూపు చప్పగా తేలుతుంది. కాలిస్తే నీరు ఆవిరై తీపి చిక్కబడుతుంది, అంచులు గోధుమరంగుకి తిరిగి కమ్మటి వాసన పుడుతుంది. ఈ రంగుకీ వాసనకీ మూలమైన రసాయన చర్యని 1912లో లూయీ కామిల్ మయార్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త వివరించాడు. కొబ్బరి డొక్కల నిప్పుల మీద వంకాయ కాల్చి పచ్చడి నూరే ఇళ్లకి ఇందులో కొత్తేమీ లేదు. సూపురాయుడికి మాత్రం ఇది అమెరికా రహస్యం. ఓవెన్ను అద్దంలోంచి చూస్తూ పక్కనే కుర్చీ వేసుక్కూర్చుంటాడు. ఇరవయ్యో నిమిషంలో కరెంటు పోతుంది. ఇంటి ఇన్వర్టరు ఫ్యాన్లనీ దీపాలనీ మోస్తుంది గానీ ఓవెన్ను మోయదు. అప్పుడు ఆయన విద్యుత్ శాఖకి ఫోను చేస్తాడు, ఇల్లాలు ముక్కల్ని ఇనప మూకుట్లోకి మార్చి, మూత పెట్టి, సన్నటి సెగ మీద కాలుస్తుంది. అంచులు అలా కూడా చక్కగా ఎర్రబడతాయి. కరెంటు వచ్చేసరికి పని అయిపోయి ఉంటుంది.

తర్వాతి ఘట్టం మిక్సీ. కాలిన గుజ్జుని అల్లం, మిరియాలతో కలిపి మెత్తగా తిప్పాలి. గుజ్జు వేడిగా ఉండగా జారు నిండా పోసి మూత బిగిస్తే, తిప్పగానే ఆవిరి ఒక్కసారిగా పెరిగి మూతని ఎగరగొడుతుంది. చల్లారనివ్వాలి, జారు సగమే నింపాలి, మూత మీద మడత గుడ్డ వేసి పట్టుకోవాలి. ఈ మూడూ డైరీలో ఉండవు, ఎందుకంటే కోడలు వాడినది గిన్నెలోనే ముంచి తిప్పే చేతి బ్లెండరు. అందుచేత అనుభవమున్న సూపురాయుడి వంటింటి గోడ మీద మిక్సీకి ఎగువన నారింజరంగు మరకలు కొన్ని ఉంటాయి. వాటిని బట్టి ఆయన ఎన్ని చలికాలాల వాడో చెప్పవచ్చు.

చిక్కదనానికి డైరీలో రాసినది క్రీము. క్రీము డబ్బా ఇప్పుడు అమలాపురం సూపర్‌మార్కెట్లలో దొరుకుతుంది. అయితే కొబ్బరి వ్యాపారానికి పేరుపడ్డ అంబాజీపేట పక్కనుండగా, కొబ్బరిచెట్టు కింద నిలబడి పాల డబ్బా కత్తిరించడం ఇల్లాలికి నచ్చదు. కాయ కొట్టి, కోరి, గోరువెచ్చని నీళ్లు పోసి రుబ్బి పిండుతుంది. మొదటిసారి వచ్చిన చిక్కటి పాలు పక్కన పెడుతుంది. రెండోసారి పిండిన పల్చటి పాలల్లో గుమ్మడి గుజ్జు కలిపి పొయ్యి మీద మరిగిస్తుంది. పొయ్యి కట్టేశాకే చిక్కటి పాలు పోస్తుంది. కొబ్బరిపాలు నీటిలో నూనె చెదిరి ఉండే మిశ్రమం. గట్టిగా మరిగితే దాన్ని పట్టి ఉంచే మాంసకృత్తులు గడ్డకట్టి నూనె విడిపోతుంది. ఈ కారణం ఆవిడకి ఎవరూ చెప్పలేదు, పాలు మాత్రం ఎప్పుడూ విరగలేదు. సూపురాయుడు కారణం ఇంటర్నెట్లో చదివి ఆవిడకి వివరిస్తాడు.

ఆఖరి పని ఆయన లేనప్పుడు జరుగుతుంది. ఆయన చుట్టుపక్కల వాళ్లని పిలవడానికి వీధిలోకి వెళ్తాడు. ఆ వ్యవధిలో ఆవిడ చెంచాడు నెయ్యి కాచి, జీలకర్ర, ఎండుమిర్చి, అంగడివాడు ఊరికే ఇచ్చిన కరివేపాకు వేయించి, ఆ ఘుమఘుమని సూపులో వంచి, మిరపకాయా ఆకూ తీసి పారేస్తుంది. ఆరోగ్యం రీత్యా కూడా ఇది మంచిదే: గుమ్మడికి ఆ రంగునిచ్చే బీటా కెరోటిన్‌ని ఒంటికి పట్టించడానికి కొవ్వు తోడుండాలి. తర్వాత అందరూ మెచ్చుకునేది ఈ పోపునే. అభినందనలు అందుకునేది మాత్రం డైరీ.

వడ్డన అరుగు మీద జరుగుతుంది. కాఫీ కప్పుల్లో పోసి, పైన వేయించిన గుమ్మడి గింజలు నాలుగు చల్లి, పింగాణీ చెంచా పెట్టి ఇస్తారు. శ్రోతలు మూడు తెగలు. మొదటి తెగ మొహమాటస్థులు: "బ్రహ్మాండంగా ఉందండి" అని, కప్పు సగంలో ఉండగా ఫోను వచ్చినట్టు లేచిపోతారు. రెండో తెగ అన్నగతప్రాణులు: తాగి, మూతి తుడుచుకుని, "బావుంది బావగారూ, ఇంతకీ ఇందులోకి అన్నమేదండీ?" అంటారు. మూడో తెగ విమర్శకులు: "దప్పళమేగానీ, ముక్కలు కనపడవేంటండీ? చింతపండు మర్చిపోయినట్టున్నారు" అని ఇంటావిడ వైపు జాలిగా చూస్తారు. ముగ్గురికీ ఆయన సమాధానం ఒకటే. అమెరికాలో దీన్ని భోజనానికి ముందు తాగుతారు. దాంతో మూడు తెగలూ భోజనానికి కూడా ఉండిపోతాయి.

సూపురాయుళ్లలో ఉపజాతులున్నాయి. డాక్టరు షుగరని చెప్పాక మొదలుపెట్టినవాడు గుమ్మడి తీపికి భయపడి ఆనపకాయతో కాస్తాడు. ఆ సూపు తాగినవాళ్లు ఆయన ఆరోగ్యం గురించే కాక తమ ఆరోగ్యం గురించి కూడా ఆలోచనలో పడతారు. యూట్యూబు చూసి మొదలుపెట్టినవాడు రోజుకో దినుసు మారుస్తాడు కనక ఆయన సూపుకి స్థిరమైన రంగు లేదు.

సూపురాయుడికి పూర్తి విరుద్ధమైన రకం రాజోలు, మలికిపురం వైపు పల్లెల్లో కనిపిస్తుంది. ఆ పక్కనుంచి కువైటు, దుబాయి, మస్కట్లకి పనికి వెళ్లిన ఆడవాళ్లు ఎందరో. అక్కడి ఇళ్లలో ఏళ్ల తరబడి వంట చేసి, ఎర్ర కందిపప్పు షోర్బా, కాల్చిన గుమ్మడి షోర్బా పెద్ద పెద్ద గిన్నెల్లో కాచి వచ్చిన మనిషి, ఇంటి దగ్గర పిల్లాడికి జలుబు చేస్తే నిమ్మరసం పిండి ఓ గ్లాసు కలిపి ఇచ్చేస్తుంది. డైరీ లేదు, అరుగు మీద సభ లేదు. సూపు గురించి కోనసీమలో అందరికంటే ఎక్కువ తెలిసిన మనిషి ఆవిడే, ఆ విషయమై ఆవిణ్ణి ఎవరూ అడగరు.

ఉగాది నాటికి సూపురాయుడి ఉత్సాహం తగ్గుతుంది. మామిడికాయ బజార్లోకి వస్తుంది, ఉన్నిటోపీ బీరువాలోకి పోతుంది, ఓవెన్లో అప్పడాల డబ్బా చేరుతుంది. మళ్లీ డిసెంబరు వరకు ఆయన మామూలు మనిషే.

మొత్తం మీద సూపు మంచి వంటకం. ముసలివాళ్లకి తేలిగ్గా అరుగుతుంది, పిల్లలకి తీపి వల్ల నచ్చుతుంది, చవకగా దొరికే కాయకి కొత్త దారి చూపిస్తుంది. జీవితంలో ఒక్కసారైనా పొయ్యి ముట్టించని మగవాణ్ణి వంటింట్లోకి తెచ్చిన గొప్పతనం కూడా దానికి ఇవ్వవలసిందే. కాకపోతే అతను వచ్చింది సగం వరకే. గుమ్మడి రసం కారి మాడి పాకంలా పట్టేసిన ఓవెను ట్రేని వేడినీళ్లలో వంటసోడా వేసి రాత్రంతా నానబెట్టి తోమాలి. మిక్సీ జారు, కొబ్బరి పిండిన గుడ్డ, మూకుడు, పన్నెండు కాఫీ కప్పులు సరేసరి. ఇంట్లో సూపురాయుడున్న వాళ్లు పాటించవలసిన నియమం ఒక్కటే: సూపు ఎవరిదంటే, ఆ ట్రే ఎవరు తోమితే వాళ్లది.