నా సెల్లు ఎవరు మోశారు?

సెల్ ఫోన్ లేకుండా హాయిగా బతకొచ్చని నిరూపించినవాణ్ణి నేను. కనీసం అలా అనుకుని ఊరేగినవాణ్ణి. ఆ నిరూపణకైన ఖర్చు ఎవరి ఖాతాలో పడిందో చాలా ఆలస్యంగా తెలిసొచ్చింది. అది ఒప్పుకోవడానికే ఇది రాస్తున్నాను. ఇందులో కొత్త సంగతేమీ లేదని మా ఆవిడ అంటోంది.

నేను పుట్టుకతో సెల్లుకి శత్రువునేం కాదు. 1995 జులై 31న జ్యోతిబసు కలకత్తాలో కూర్చుని ఢిల్లీలో ఉన్న కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో సెల్లులో మాట్లాడారని పేపర్లో చదివి, డబ్బున్నవాళ్ల సరదా అని నవ్వుకున్నాను. తీరా కొన్నేళ్లకి మా కాలేజీ స్టాఫ్ రూములో అందరికంటే ముందు కొన్నది నేనే. అవతలివాడు చేసినా మనకే బిల్లు పడే రోజులవి. నడుముకి తోలు పౌచి, అందులో ఇటుక ముక్కలాంటి ఫోను. మోగితే వెంటనే తీసేవాణ్ణి కాదు, నలుగురూ చూడాలిగా! 2003 మేలో ఇన్‌కమింగ్ ఉచితం అయ్యేదాకా, ఆ తర్వాత కూడా చాలాకాలం, నేనూ మా స్నేహితుడూ మిస్డ్ కాల్స్‌తోనే కాపురం చేశాం. ఒకసారి మోగి ఆగితే ఇంట్లో బయల్దేరినట్టు. రెండుసార్లు మోగితే బెజవాడ బెంజి సర్కిల్ దగ్గర నిలబడి ఉన్నట్టు. వాడి నంబర్లు తరచూ మారాయి, నాది మాత్రం అప్పటి నంబరే. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

స్మార్ట్ ఫోన్ వచ్చాక నేనెలా పాడయ్యానో చెప్పక్కర్లేదు. మీరెలా పాడయ్యారో నేనూ అంతే.

రిటైరయ్యాక ఒక పుస్తకావిష్కరణ సభలో నన్ను మాట్లాడమన్నారు. పుస్తకం పూర్తిగా చదవలేదు కాబట్టి సెల్ ఫోన్ మీద పడ్డాను. మన తాతలు సెల్లు పట్టుకునే పుట్టారా, వాళ్లు బతకలేదా, కబుర్లు చెప్పుకోలేదా అని గొంతు పెంచాను. చప్పట్లు మోగాయి. చప్పట్లు కొట్టినవాళ్లలో సగంమంది ఫోన్లో నన్ను వీడియో తీస్తున్నారు. ఆ చప్పట్లు తలకెక్కి, ఇంటికొచ్చి ఫోను స్విచ్ఛాఫ్ చేసి బీరువాలో పట్టుచీరల కింద పెట్టేశాను. మా ఆవిడ చూసి, "మరి గ్యాస్ బుకింగ్ నంబరు అందులోనేగా ఉంది?" అంది. మహత్తర నిర్ణయాల ముందు ఇలాంటి ప్రశ్నలేమిటని విసుక్కున్నాను.

నిజం చెప్పాలంటే కొన్నాళ్లు బాగానే గడిచింది. పొద్దున్నే ఏలూరు కాలవ గట్టున నడిస్తే కాలవ కనపడింది. పేపరు మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివాను. కనపడిన ప్రతివాడికీ, "నేను ఫోను వాడటం లేదండీ" అని చెప్పడంలో ఉన్న రుచి వేరు. వాళ్లు నా వైపు కాస్త అసూయగా చూసేవారు. అసూయేనని నేననుకున్నాను.

మా పెదనాన్నగారి మనవడి పెళ్లి అవనిగడ్డలో. శుభలేఖ మా ఆవిడ వాట్సాప్‌కి వచ్చింది. ముహూర్తం ఉంది, భోజనాల వేళ ఉంది, మండపం పేరు ఉండాల్సిన చోట లొకేషన్ లింకు ఉంది. అవనిగడ్డ నాకు తెలియని ఊరా, దివిసీమలో పుట్టినవాణ్ణి కదా అని బయల్దేరాను. మోకాళ్ల నొప్పులతో మా ఆవిడ రాలేదు. నెహ్రూ బస్టాండులో బస్సెక్కి ఐదొందల నోటు ఇస్తే కండక్టరు, "చిల్లర లేదు గురువుగారూ, ఫోన్‌పే కొట్టండి" అన్నాడు. ఫోనే లేదన్నాను, బిరుదు చెప్పుకున్నట్టు. ఆయన నన్నొకసారి ఎగాదిగా చూసి, రావలసిన చిల్లర టికెట్టు వెనకాల రాసిచ్చాడు. దాన్ని పామర్రులో గుర్తు చేశాను, చల్లపల్లిలో గుర్తు చేశాను. మోపిదేవి వచ్చేసరికి బస్సులో అందరికీ నా చిల్లర కంఠతా వచ్చేసింది.

మధ్యలో ఉయ్యూరు దగ్గర, సీటు దొరికిందని ఇంటికి చెబుదామనిపించింది. పక్కనున్న కుర్రాణ్ణి, "బాబూ, ఒక్క కాల్ చేసుకుంటాను" అనడిగాను. పాపం, లాక్ తీసి చేతికిచ్చాడు. నంబరు నొక్కబోయి ఆగిపోయాను. మా ఆవిడ నంబరు నాకు రాదు. తొమ్మిదితో మొదలవుతుందని తెలుసు, చివర ఏడు ఉంటుందని తెలుసు, మధ్యలోదంతా చీకటి. అబ్బాయిదీ రాదు, కోడలిదీ రాదు. నాకు నోటికొచ్చిన సెల్ నంబరు లోకంలో ఒక్కటే, అది నాదే. అది పట్టుచీరల కింద నిద్రపోతోంది. "పర్లేదులే బాబూ" అని తిరిగిచ్చేశాను. ఆ కుర్రాడు అవనిగడ్డ దాకా ఫోను చొక్కా లోపలి జేబులోనే పెట్టుకున్నాడు.

బస్సు దిగి ఆటో ఎక్కితే డ్రైవరు, "ఏ పెళ్లికండీ? ఇయ్యాళ ఊరంతా పెళ్లిళ్లే" అన్నాడు. మొదటి మండపంలో కాఫీ ఇచ్చారు, తాగాను. బయటికొచ్చి బోర్డు మీద పెళ్లికూతురి పేరు చదివాక సంగతి అర్థమై ఆటో దగ్గరికి నడిచాను. చివరికి ఆ డ్రైవరే తన ఫోన్లో తెలిసినవాళ్లకి చేసి, మా ఇంటిపేరు చెప్పి, చోటు కనుక్కున్నాడు. అక్కడికి వెళ్తే పెళ్లికొడుకు బాబాయి లేడు. నేను చేరానో లేదో తెలియక మా ఆవిడ పెళ్లికొడుకు తండ్రికి, అంటే మా అన్నయ్యకి, ఫోన్ చేసింది, అన్నయ్య తన తమ్ముడికి చేశాడు, అతను వంటవాళ్లని వదిలేసి బండేసుకుని నాకోసం బస్టాండుకి వెళ్లాడు. వెనక్కొచ్చి, "ఏంటన్నయ్యా ఇది?" అని మాత్రం అన్నాడు. పెద్దవాణ్ణి గనక అంతటితో పోనిచ్చాడు. నేను ఫోను మోయనన్నందుకు ఆ పూట నా బరువు బస్సులో కుర్రాడు, ఆటో డ్రైవరు, అన్నయ్య, తమ్ముడు పంచుకున్నారు. ఆ సంగతి నాకప్పుడు తట్టలేదు. విందు భోజనంలో కూడా నా సిద్ధాంతమే చెప్పాను.

తిరుమలలో అందరం ఫోన్లు కౌంటర్లో ఇచ్చి లోపలికి వెళ్తాం కదా, అక్కడ ఎవరైనా తప్పిపోతున్నారా? "ఎవరు ముందొచ్చినా బేడి ఆంజనేయస్వామి గుడి దగ్గర నిలబడండి" అనుకుంటాం, కలుసుకుంటాం. దీన్ని నా వాదానికి పెద్ద సాక్ష్యంగా చెప్పేవాణ్ణి. ఇప్పుడాలోచిస్తే అది నాకు ఎదురు సాక్ష్యం. అక్కడ ఎవరి దగ్గరా ఫోను ఉండదు గనక అందరూ ముందే ఒక చోటు అనుకుంటారు. అందరికీ ఉండి మనకొక్కడికే లేనప్పుడు ఆ ఏర్పాటు ఎవరు చేస్తారు? ఒకప్పుడు ఫోను లేనివాడికి ఊరే ఏర్పాటు చేసేది. బస్టాండులో వరసగా ఎస్టీడీ బూతులు, పాన్ షాపుకి వేలాడుతూ రూపాయి కాయిన్ బాక్సు, ప్రతి జేబులో ఒక చిన్న నంబర్ల పుస్తకం. తాతలు ఫోను లేకుండా బతికారంటే వాళ్ల చుట్టూ ఇవో, ఇలాంటివో ఉన్నాయి. నేను తాతల ధైర్యం అరువు తెచ్చుకున్నాను గానీ వాళ్ల నంబర్ల పుస్తకం తెచ్చుకోలేదు.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు వాగు పొంగి ఊరి మీద పడింది. సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట నీళ్లలో మునిగాయి. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులకి చేరింది, అంత వరద ఆ బ్యారేజీ ఎన్నడూ చూడలేదు. మేముండే సత్యనారాయణపురంలో మా వీధి బతికిపోయింది. ఆ మిస్డ్ కాల్స్ స్నేహితుడుండేది పాయకాపురంలో, కింది వాటా. వాడికి ఫోన్ చేద్దామంటే వాడి నంబరు బీరువాలో ఉంది. ఫోను తీస్తే ఛార్జింగు లేదు. కాసేపు కరెంటుకి తగిలించి ఆన్ చేశాను. నెట్‌వర్క్ రాగానే ఏదో తెలియని నంబరు నుంచి మిస్డ్ కాల్స్ వచ్చినట్టు మెసేజిలు వరసగా దిగాయి. తిరిగి చేస్తే అది స్విచ్ఛాఫ్.

తర్వాత తెలిసింది. వాడి ఫోను నీళ్లలో పడింది. పై వాటాలోకి ఎక్కి, అక్కడి వాళ్లని అడిగి ఫోను తీసుకున్నాడు. కరెంటు లేదు, ఛార్జింగు అడుగున ఉంది. వాడికి కంఠతా వచ్చిన నంబరు ఒక్కటే. మిస్డ్ కాల్స్ రోజుల నుంచి మారని నా నంబరు. మిగిలిన ఆ కాస్త ఛార్జింగూ నాకోసం ఖర్చుపెట్టాడు.

సింగ్ నగర్ ఫ్లైఓవర్ మీదికి వెళ్లి నిలబడ్డాను. ఊరంతా అక్కడే ఉంది. పడవల్లో, ట్రాక్టర్లలో, గొంతులోతు నీళ్లలో నడిచి జనం వస్తున్నారు. పైన హెలికాప్టర్లు, డ్రోన్లు అన్నం పొట్లాలు మోస్తున్నాయి. పక్కన ఒకావిడ, కూతురి ఫోన్ కలిసిందని ఏడుస్తూ, "అమ్మా, పైనే ఉండండి, దిగొద్దు" అని గట్టిగా అరుస్తోంది. నేను వచ్చినవాళ్లందర్నీ ఆపి, "పాయకాపురంలో ఏ వీధి? ఏ వీధి?" అనడుగుతున్నాను.

అలా అడగడం నాకు కొత్త కాదు. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమని ఊడ్చేసి పదివేల మందికి పైగా ప్రాణాలు తీసినప్పుడు నేను బెజవాడలో చదువుకుంటున్నాను. తీగలు తెగి, స్తంభాలు కూలి, అక్కడి కబురు మనిషి నడిచొస్తే తప్ప రాలేదు. బస్టాండులో అటునుంచి వచ్చినవాణ్ణల్లా ఆపి ఏ ఊరు, ఏ ఊరు అనడిగాను. మావాళ్లు బతికున్నారని ఒక పశువుల వ్యాపారి చెప్పేదాకా నాకు అన్నం దిగలేదు. అదంతా అనుభవించినవాణ్ణి, సభలో నిలబడి ఫోను లేని కాలం ఎంత బాగుండేదో చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను. మూర్ఖత్వానికి ఇంతకంటే పెద్ద కొలత నా దగ్గర లేదు.

మంగళవారం వాడు ట్రాక్టరు మీద వచ్చాడు. దిగి, తడిసిన లుంగీ పిండుకుంటూ, "ఒరేయ్, నాకు నోటికొచ్చింది నీ నంబరొక్కటేరా. ఖర్మ" అన్నాడు.

ఇప్పుడు చొక్కా జేబులో బటన్ల ఫోను పెట్టుకుంటున్నాను. గుడికెళ్లినా, నిద్రపోయినా, భోజనానికి కూర్చున్నా అది నా దగ్గర ఉండదు. వీధి చివరి దాకా కూరలకి వెళ్తే కూడా అక్కర్లేదు, మా ఆవిడ మేడ మీంచి కేకేస్తే వినపడుతుంది. ఊరు దాటితే మాత్రం ఉంటుంది, మోగితే తీస్తాను. సెల్లు ఎక్కడికైనా మోయాలా అనడిగితే ఇదీ నా తీర్పు: మనకోసం ఎదురుచూసేవాళ్లకి మన కేక వినపడనంత దూరం వెళ్తే మోయాలి. బీరువాలోని స్మార్ట్ ఫోను ఇంట్లో టేబుల్ మీదికి మారింది, గ్యాస్ బుకింగ్ అందులోనే.

మీకో మనవి. ఈ పత్రిక పక్కన పెట్టి, మీ ఇంట్లోవాళ్ల నంబరు ఒక్కటి చూడకుండా చెప్పండి. రాకపోతే రెండు నంబర్లు కాయితం మీద రాసి పర్సులో పెట్టుకోండి. జెల్ పెన్నుతో రాయొద్దు, తడిస్తే అలుక్కుపోతుంది. బాల్ పెన్నుతో రాయండి.