రెండంగుళముల ఔన్నత్యము

టెక్సాసు రాష్ట్రమున డాలసు నగరమునకు ఉత్తరముగా ఫ్రిస్కో యను పట్టణము గలదు. అచ్చటి నేల చదునైనది. రోడ్లు కాంక్రీటుతో పోసినవి. వానాకాలమున సైతము బురద చూడవలెనన్న క్రొత్త ఇండ్లు కట్టుచోటికి పనిగట్టుకొని పోవలెను. ఇట్టి సీమయందు ప్రొద్దుట ఇల్లు వెడలి, టోలు రహదారిమీద ప్లేనోలోని కార్యాలయమునకు పోయి, సాయంకాలము మరల అదే దారిని ఇల్లు చేరు తెలుగు సాఫ్టువేరు ఉద్యోగి, గ్రీన్‌కార్డు చేతికందిన పిమ్మట, అంతవరకు తన్ను మారుమాటలేక మోసిన సాధుశీలయగు క్యామ్రీని విడిచి, ఫోర్డు వారి ఎఫ్-150 పికప్పును కొనుచున్నాడు. కొని యూరకుండక, యూటా రాష్ట్రమందలి మోయాబు శిలారణ్యములు తన్ను పేరుపెట్టి పిలుచుచున్నవని నమ్మి, దానికి క్రొత్త చక్రములను, క్రొత్త టైర్లను అమర్పించి, "ఎక్కువేం కాదండీ, రెండంటే రెండంగుళాలు" అనుచు బండిని పైకి లేపించుటకు, అనగా లిఫ్టు చేయింప సంకల్పించుచున్నాడు.

ఈ వాహనమును తక్కువచేసి పలుకుట నా అభిమతము కాదు. ఫోర్డు వారి ఎఫ్ వరుస 1977 నుండి అమెరికాలో అన్ని పికప్పులకంటె ఎక్కువగా అమ్ముడగుచున్నది. గడ్డిమోపులు మోయు రైతునకును, పైపులు మోయు ప్లంబరునకును అది కుడిభుజము. దానికి పరదేశపు పోటీ తగులకుండ కాచినవి కోళ్ళు. అమెరికా కోడిమాంసముపై ఐరోపావారు సుంకము పెంచిరన్న ఆగ్రహమున 1963 డిసెంబరులో జాన్సను అధ్యక్షుడు దిగుమతి ట్రక్కులపై విధించిన 25 శాతము పన్ను, ఆ తగవు అందరును మరచిన పిమ్మటను తొలగలేదు. ఇది ప్రసక్తానుప్రసక్తము.

కర్మాగారమునుండి వెలువడునపుడే పికప్పునకు వెనుకభాగము కొంచెము లేచియు, ముందుభాగము కొంచెము వంగియు నుండును. ఇది లోపము కాదు. తొట్టెలో బరువు వేసినపుడు వెనుక స్ప్రింగులు కుంగి బండి సమముగ నిలుచుటకై ఇంజనీర్లు బుద్ధిపూర్వకముగ చేసిన ఏర్పాటు. మన గృహస్థునకు మాత్రమది అవమానముగ తోచును. తన బండి ఎవరియెదుటనో తలవంచుకొని నిలిచినట్లున్నదని రాత్రులు నిద్రపట్టక, లెవెలింగు కిట్టు పేర దాని ముక్కును రెండంగుళములు లేపించును. ఇట్లు చేయించుటయనగా, ఈ తొట్టెలో ఇక నేను బరువు వేయబోనని సొమ్ము చెల్లించి ప్రమాణము చేయుటయే. ఏలయన, వేసెనా, వెనుక కుంగి ముందు లేచి, రాత్రివేళ హెడ్‌లైట్లు ఎదుటివాని కన్నులను పొడుచును. అయితే ఆ ప్రమాణమునకు భంగము వాటిల్లు ప్రమాదమేమియు లేదు. ఆ తొట్టె పుట్టిననాటినుండి ఎరిగిన మహాభారము నాలుగు సోనామసూరి బస్తాలును, దీపావళినాడు గుడికి కొనిపోయిన మడతకుర్చీలును మాత్రమే.

ఇక లేపు విధానము. ముందుచక్రముల కుదుపు కాయు స్ట్రట్టు నెత్తిన ఒక లోహపు బిళ్ళ బిగింతురు. దాని పేరు స్పేసరు. అంగుళపు బిళ్ళ వేసినచో చక్రమువద్ద ఇంచుమించు రెండంగుళములు లేచును. ఊరక వచ్చిన ఆ రెండవ అంగుళమును చూచి మురియువాడు, దానికి వడ్డీ కట్టువారు బండిక్రింద వేరే యున్నారని ఎరుగడు. బాలుజాయింటు తన హద్దువరకు వంగును. ముందుచక్రములకు శక్తినిచ్చు సీవీ ఇరుసులు ఏటవాలుగ తిరుగుచు తమ రబ్బరు తొడుగులను నలుపుకొనును. క్యాంబరు, క్యాస్టరు, టో యను కోణములు మూడును చెదరును. వానిని సరిదిద్దు అలైన్‌మెంటు చేయింపనిచో క్రొత్త టైరు ఒక్క అంచున నున్నగా అరిగి యజమాని ఔన్నత్యమునకు సాక్ష్యము పలుకును. కొట్టువాడు దయార్ద్రహృదయుడు. "పైన కంట్రోల్ ఆర్మ్స్ కూడా మార్చేస్తే మంచిది సార్" అని మెల్లగా సెలవిచ్చును. రెండంగుళముల వినయమునకు బిల్లు ఒక పుట చాలదు.

టైర్ల సంగతి. బండితో వచ్చినది 265/70ఆర్17. అనగా వెడల్పు 265 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 70 శాతము, ఆర్ అన రేడియలు, రిమ్ము 17 అంగుళములు. కొన్నది 285/70ఆర్17. వ్యాసము 31.6 నుండి 32.7 అంగుళములకు పెరిగినది. చక్రము పెద్దదైనను స్పీడోమీటరు పాతలెక్కయే చెప్పును గనుక, ముల్లు 60 చూపునపుడు బండి 62 మైళ్ళ వేగమున పోవుచుండును. మందపు గోడల బరువు టైర్లు పెట్రోలు ఎక్కువ త్రాగును, బ్రేకులకు పని పెంచును, టోలు రహదారిమీద రోదచేయును. మంచుమీద నడుచుటకు పరీక్షింపబడినవను పర్వత హిమతార ముద్రయు వానిపై గలదు. ఫ్రిస్కోలో మంచు ఎప్పుడో గాని పడదు. పడిననాడు ఆఫీసు ఇంటినుండియే.

చక్రముల వరణము మరియొక స్వయంవరము. ఎఫ్-150 చక్రమునకు బోల్టులు ఆరు, అవి 135 మిల్లీమీటర్ల వలయమున నుండును. టయోటా టకోమాకును ఆరే గాని, వలయము 139.7. ఆ 4.7 మిల్లీమీటర్ల భేదముచేత పొరుగింటివాని చక్కని చక్రము మనవానికి జన్మలో అమరదు. తరువాత ఆఫ్‌సెట్, అనగా చక్రము ఎంత లోనికి, ఎంత వెలుపలికి నిలుచునను లెక్క. చక్రము ఫెండరు దాటి వెలుపలికి వచ్చిననే అందమని ఎంచుకొన్నచో, మలుపు తిరుగునప్పుడెల్ల టైరు ప్లాస్టికును రాయుచు కరకరలాడును; అప్పుడు రంపముతో ప్లాస్టికును కోయుదురు. కొత్తబండిని కోయుటయు అలంకారములోని భాగమే.

ఇంతలో గుంటూరునుండి తల్లి వచ్చును. విమానాశ్రయములో బండి ప్రక్కన నిలిచి, చీరకుచ్చెళ్ళు ఒకచేత పట్టుకొని, "ఒరే నాన్నా, ఎక్కడానికి ఇంట్లోంచి పీటేమన్నా తెచ్చావా?" అని అడుగును. మరుసటి వారమే పక్కమెట్లు బిగింపబడును. అవి క్రిందికి వ్రేలాడును. లేపిన రెండంగుళములను రొక్కముగ తిరిగి నేలకు చెల్లించును.

కాని అసలు రహస్యము బండిక్రిందికి వంగి చూచినగాని తెలియదు. బిళ్ళ లేపునది బండి ముక్కును. రాళ్ళదారిలో ముందుగ తగులునది వెనుక ఇరుసు నడుమనున్న డిఫరెన్షియలు. అది ఇరుసుతో పాటు చక్రములమీదనే కూర్చున్నది గనుక, ఎన్ని బిళ్ళలు వేసినను వెంట్రుకవాసి లేవదు. దానిని లేపగలది టైరు ఒక్కటియే. ఇంత వ్యయమునకు ఆ టైరు లేపినది అర అంగుళము చిల్లర.

చట్టములు కూడ విచిత్రములు. ముందుభాగము వెనుకకంటె నాలుగంగుళములు గాని అంతకు మించి గాని లేచియుండరాదని ఉత్తర కెరోలినావారు 2021 డిసెంబరు నుండి శాసించిరి; అనగా అంతవరకు లేపినవారున్నారన్నమాట. ఇచ్చట మన శ్రీసిటీలో 2016 నుండి ఇసుజువారు పికప్పులు చేయుచున్నారు. తయారీదారు నిర్ణయించిన రూపమునకు భిన్నముగ వాహనమును మార్చరాదని మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ఘోషించుచున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టును ఆ మాటయే నొక్కి చెప్పినది. కావున గోతులును స్పీడు బ్రేకరులును గల మనకు లిఫ్టు నిషిద్ధము. గోతులెరుగని ఫ్రిస్కోవారికి అది జన్మహక్కు.

పికప్పు కొన్న సోదరులకు నా విన్నపమిది. డ్రైవరు తలుపు తెరచి, స్తంభముపై అంటించిన చీటీని ఒకమారు చదువుడు. టైరు కొలత, గాలి, మనుష్యులును సామానును కలిసి మించరాని బరువు, అన్నియు అందే యున్నవి. ఉన్న రిమ్ములకే, ఉన్న కొలతలోనే ఆల్‌టెరైను టైర్లు వేయించుకొనుడు. లిఫ్టు లేక ప్రాణము నిలువదన్నచో అలైన్‌మెంటు అదేనాడు చేయించి, స్పీడోమీటరు లెక్కను సరిదిద్దించుడు. మిగిలిన సొమ్ముతో విమానమెక్కి మోయాబు చూచి రండు. అచ్చట జీపులు అద్దెకు దొరకును.