ఫ్యాను గాలిలో పర్వతారోహణ

కొండదారుల్లో సైకిలు తొక్కేవాళ్ళకి వేగం నేర్పే గురువులు ఈమధ్య వీధికొకరు తేలారు. పాఠం మాత్రం అందరిదీ ఒక్కటే. వెనక చక్రం విప్పి సైకిలుని ట్రైనర్ అనే స్టాండుకి బిగించు, ఎదురుగా ఫ్యాను పెట్టుకో, మూడు నిమిషాలు ప్రాణం పోయేలా తొక్కు, మూడు నిమిషాలు ఊపిరి పీల్చుకో, మళ్ళీ తొక్కు. వీటినే ఇంటర్వెల్స్ అంటారు. ఆరు వారాల్లో నీ వాట్లు, అంటే కాళ్ళ సత్తువ లెక్క, పెరుగుతాయి. వాట్లు పెరిగాయంటే కొండమీద నిన్ను పట్టేవాడే ఉండడు.

శిష్యులు శ్రద్ధగానే చేస్తున్నారు. సెకండ్‌హ్యాండ్ స్కూటర్ వచ్చే డబ్బు పోసి ట్రైనర్ కొని, అపార్ట్‌మెంటు బాల్కనీలో కింద చాప పరిచి, కదలని సైకిలు మీద గంటసేపు కొండలెక్కి, స్నానం చేసి ఆఫీసుకి వెళ్ళిపోతున్నారు. రాయి తగలదు, చెట్టువేరు అడ్డురాదు, ఇసుకలో చక్రం జారదు, మలుపు అవతల గేదె ఉండదు. కొండలో ఉన్న ఇబ్బందులన్నీ తీసేసి, ఆయాసం ఒక్కటే మిగిల్చిన కొండ అది.

ఈ సిద్ధాంతానికి 2015 జూన్‌లో ఆస్ట్రియాలోని లియోగాంగ్ ఊళ్ళో చిన్న అవమానం జరిగింది. డౌన్‌హిల్ ప్రపంచకప్ ఫైనల్లో ఆరన్ గ్విన్ అనే అమెరికన్ గేటు దాటుతూనే గట్టిగా తొక్కాడు, పుటుక్కున చైను తెగింది. అక్కణ్ణించి కొండ అడుగు దాకా పెడలు మీద బలం వేసినా అది చక్రానికి చేరే దారి లేదు. వాట్లు, సున్నా. గ్విన్ గెలిచాడు. చైను నిక్షేపంలా ఉన్న ప్రపంచస్థాయి ఆటగాళ్ళందరినీ వెనక్కి నెట్టి మరీ గెలిచాడు. వాళ్ళ వాట్లు ఆ రోజు కూడా బాగానే ఉండి ఉంటాయి, పాపం.

"అది దిగుడు పందెం కదండీ, చైను లేకుండా కొండ ఎక్కి చూపించమనండి" అంటారు గురువులు. న్యాయమైన మాటే, కాదనను. 1996 నుంచి ఒలింపిక్స్‌లో ఉన్న క్రాస్‌కంట్రీ పందెంలో గంటకు పైగా ఎక్కుతూ దిగుతూ ఉండాలి, కాళ్ళలో సత్తువ లేనివాడు మొదటి ఎత్తులోనే మాయమైపోతాడు. అయితే టోక్యో ఒలింపిక్స్ సంగతి కూడా చెప్పుకోవాలిగా. 2021 జులైలో ఇజు కొండల్లో జరిగిన ఆ పందెంలో మాథ్యూ వాన్ డర్ పూల్ ఉన్నాడు. కాళ్ళ బలం గురించి అతనికి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. బండ మీంచి కిందికి దూకాల్సిన ఒకచోట ప్రాక్టీసులో ఉన్న చెక్కపలక పందెం రోజునా ఉంటుందనుకున్నాడు. లేదు. ముందు చక్రం కిందికి వాలింది, మనిషి దభీమని పడ్డాడు, ఆ తర్వాత పందెం వదిలేశాడు. బంగారు పతకం టామ్ పిడ్‌కాక్ పట్టుకుపోయాడు. అంత బలమూ ఒక పలక దగ్గర చెల్లలేదు.

గురువులకి లెక్కలంటే ఇష్టం కాబట్టి వాళ్ళ భాషలోనే ఒక లెక్క. మనిషీ సైకిలూ కలిపి 90 కిలోలు అనుకుందాం. గంటకి 20 కిలోమీటర్ల వేగంతో మలుపు దగ్గరికొచ్చి, భయపడి, బ్రేకులు పిసికి 10కి దిగాడు. సుమారు వెయ్యి జౌళ్ళ శక్తి బ్రేకు ప్యాడ్ల వేడిగా గాల్లో కలిసిపోయింది. మళ్ళీ 20కి చేరాలంటే 200 వాట్ల బలంతో అయిదు సెకన్లు తొక్కాలి, అదీ నేలా గాలీ ఏమీ గుంజుకోకపోతే. దారిలో అలాంటి మలుపులు 40 ఉంటే మూడు నిమిషాల పైన తొక్కుడు, కేవలం పారబోసింది తిరిగి నింపుకోవడానికి. ఆరు వారాలు బాల్కనీలో చెమటోడ్చి సంపాదించిన వాట్లకి కొండమీద దొరికే ఉద్యోగం ఇదన్నమాట.

బ్రేకుల విలువ ఈ ఆట మొదలుపెట్టినవాళ్ళకి బాగా తెలుసు. కాలిఫోర్నియాలో టమల్‌పాయిస్ కొండ దగ్గర ఫెయిర్‌ఫాక్స్ ఊరి పైన 1976లో చార్లీ కెల్లీ, గ్యారీ ఫిషర్, జో బ్రీజ్ వగైరా కుర్రాళ్ళు పందేలు మొదలెట్టారు. రెండు మైళ్ళ చిల్లర దారి, 1,300 అడుగుల దిగుడు. కింద ఉన్నవి 20 కిలోల పాత సైకిళ్ళు, స్ప్రింగుల్లేవు, పెడలు వెనక్కి తొక్కితే పడే బ్రేకు ఒక్కటే దిక్కు. కిందికి చేరేసరికి హబ్బులో గ్రీజు కాలి పొగలొచ్చేది, మళ్ళీ గ్రీజు కూరితే తప్ప రెండోసారి దిగడానికి లేదు. అందుకే ఆ పందేనికి రీప్యాక్ అని పేరు. ఫిషర్ ఆ దారిని 4 నిమిషాల 22 సెకన్లలో దిగాడు. అతని వాట్లెన్నో ఎవరూ రాసిపెట్టుకోలేదు.

ఇక సంఖ్యల సంగతి. 220 లోంచి వయసు తీసేస్తే గుండె గరిష్ఠ వేగం వస్తుందట. ఒకే వయసున్న ఇద్దరి మధ్య నిమిషానికి ఇరవై దెబ్బల తేడా ఉండడం వింతేమీ కాదు. అయినా మనవాడు ఆ తీసివేతలో వచ్చిన అంకెని అయిదు మండలాలుగా కోసి, నాలుగో మండలం నుంచి అయిదో మండలానికి అడుగు పెట్టగానే వాచీలో వచ్చే రంగు చూసి పులకించిపోతాడు.

తబాటా అనే ఇంటర్వెల్ పద్ధతి గతి ఇంకా దయనీయం. జపాన్ స్పీడ్ స్కేటర్ల జట్టు శిక్షణని ఇజుమి తబాటా బృందం పరీక్షించి 1996లో వ్యాసం అచ్చువేసింది. ఒంటికి ఆక్సిజన్ అందే హద్దుకి 170 శాతం దగ్గర 20 సెకన్లు తొక్కడం, 10 సెకన్లు ఆగడం, ఏడెనిమిది సార్లు. చివరికి పెడలు వేగం నిలబెట్టలేక కుర్రాళ్ళు ఆగిపోవడమే అక్కడ కొలత. మన బాల్కనీల్లో అది 20 సెకన్లు తొక్కడం, 10 సెకన్లు వాట్సాప్ చూడడంగా స్థిరపడింది. పేరు మాత్రం మారలేదు.

అసలు తమాషా ఏమిటంటే, శాస్త్రం గురువుల పక్షాన కూడా పూర్తిగా లేదు. స్టీఫెన్ సైలర్ అనే పరిశోధకుడు ఓర్పు క్రీడల్లో పైస్థాయి వాళ్ళ డైరీలు తిరగేసి చూస్తే, అయిదు రోజుల శిక్షణలో దాదాపు నాలుగు రోజులు మాట్లాడుకుంటూ చేయగలిగినంత నెమ్మదిగానే ఉంది. నెమ్మదిని ఎవరు కొంటారు? "నెలకి ఇంత కట్టండి, మెల్లగా తొక్కమని చెబుతాం" అంటే గురువు యాప్ మూతపడుతుంది. మలుపులో చూపు రాయి మీద కాకుండా బయటికి పోయే దారి మీద పెట్టడం, బ్రేకు ముందే పట్టి మలుపులో వదిలేయడం, గుంతలోకి దిగేటప్పుడు సైకిలుని నేలకి నొక్కి, ఎక్కేటప్పుడు ఒళ్ళు తేలిక చేసుకుని పెడలు తిప్పకుండానే వేగం పుట్టించడం, వీటన్నిటికీ ఒక సంఖ్య లేదు. సంఖ్య లేనిదానికి గ్రాఫు లేదు, గ్రాఫు లేకపోతే గ్రూపులో పెట్టుకోవడానికి స్క్రీన్‌షాట్ లేదు. అందుచేత ఆ విద్య లేనట్టే.

ఆదివారం అనంతగిరి కొండలకి వెళ్ళి ఎర్రమట్టి దిగుడులో రెండు బ్రేకులూ బిగబట్టుకుని, కాళ్ళు రెండూ నేలకి ఆనించి, 300 వాట్ల మనిషి జాగ్రత్తగా నడిచొస్తాడు. పక్కనుంచి పాల క్యాను కట్టిన సైకిలు మీద ఒక కుర్రాడు బెల్లు కొడుతూ దిగిపోతాడు. మర్నాడు గురువుకి ఫోను. గురువు సమస్యని విని, ఆలోచించి, ఇంకో ఆరు వారాల ఇంటర్వెల్స్ రాసిస్తాడు.

ఖర్చులేని పని ఒకటి చెబుతాను. సెల్లార్‌లో కార్లు తక్కువున్న పూట నాలుగు నీళ్ళ సీసాలు వరసగా పెట్టి, వాటి మధ్య మెలికలు తిరుగుతూ, బ్రేకు ముట్టుకోకుండా ఎంత నెమ్మదిగా వెళ్ళగలరో, తర్వాత ఎంత జోరుగా వెళ్ళగలరో చూడండి. కాలు కింద పెట్టకూడదు. వాచ్‌మన్ వచ్చి ఇదేం ఆట సార్ అంటే, వాట్లు పెంచుతున్నానని చెప్పండి. వదిలేస్తాడు.