మన దగ్గర లేనిదేముంది!

మెల్‌బోర్న్ నుంచి గ్రేట్ ఓషన్ రోడ్డుకు పొద్దున్నే బయలుదేరే టూరు బస్సుల్లో ఒక విశాఖపట్నం పెద్దాయన తరచూ తగులుతుంటారు. రిటైరై కొడుకు దగ్గరికి వచ్చినవారు. కొడుక్కి సెలవు దొరక్క అమ్మానాన్నల్ని బస్సెక్కించి ఆఫీసుకి పోతాడు. మనం పక్కన కూర్చోగానే "తెలుగువాళ్లేనా?" అంటారాయన. అవునన్నామా, ఆ రోజు ఆయనదే.

ఒక పక్క కొండ, ఒక పక్క సముద్రం. బస్సంతా నోరు తెరుచుకుని చూస్తుంటే ఆయన "మన భీమిలి రోడ్డే" అని తేల్చేస్తారు. బండి తోలుతూనే మైకులో చెప్పుకుపోతుంటాడు గైడు: ఇది 243 కిలోమీటర్ల రోడ్డు, మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు సుమారు 3,000 మంది, చనిపోయిన తోటివాళ్ల జ్ఞాపకార్థం పారలూ గునపాలతో 1919లో మొదలెట్టి 1932లో పూర్తిచేశారు అని.

"పదమూడేళ్లా! మనవాళ్లయితే రెండేళ్లలో వేసేవారు."

"మన వీధిలో తవ్విన గొయ్యి పూడ్చారేమో ముందు కనుక్కోండి" అంటుంది ఆయన భార్య, కిటికీలోంచి చూపు తిప్పకుండానే.

కెన్నెట్ రివర్ దగ్గర అందరూ మెడలు వెనక్కి వాల్చి చెట్ల కొమ్మల్లో కోలాల కోసం వెతుకుతారు. ఆయన మాత్రం చెట్టును చూస్తారు. "ఇది జామాయిలు కదూ! ఒంగోలు వైపు ఎకరాలకెకరాలు." దాని పుట్టిల్లే ఈ దేశమని చెప్పినా తగ్గరు. "అయితేనేం, మనం కాగితం చేస్తున్నాం. వీళ్లు కోలాలకి మేపుతున్నారు." కోలా రోజుకి ఇరవై గంటల దాకా నిద్రపోతుందని గైడు చెబితే, తమ సెక్షన్‌లో అంతకు మించినవాడు ఉండేవాడనీ, వాడికి ప్రమోషన్ కూడా వచ్చిందనీ చెబుతారు.

నిజానికి ఆయన పోలికల్లో అబద్ధం లేదు, అదే చిక్కు. లండన్ బ్రిడ్జి అనే శిలాతోరణంలో ఒడ్డువైపు సగం 1990లో కూలిపోయి, అవతల చిక్కుకున్న ఇద్దర్ని హెలికాప్టర్‌లో తెచ్చారని వినగానే, "మన మంగమారిపేట తోరణం చూడండి, చెక్కుచెదరలేదు" అంటారు. ఆ తోరణం నిజంగానే ఉంది.

"మనమెప్పుడు చూశామండీ?" అంటుంది ఆవిడ.

"ముప్పై ఏళ్లు ఆ రోడ్డు మీదే తిరిగాం. అదెక్కడికి పోతుందే!"

అసలు గొడవ ట్వెల్వ్ అపోసల్స్ దగ్గర. సముద్రంలో నిలబడ్డ ఆ సున్నపురాతి స్తంభాలు ఏనాడూ పన్నెండు లేవు. 2005 జూలైలో ఒకటి కుప్పకూలాక మిగిలినవి ఎనిమిదే. ఈదురుగాలికి మంకీ క్యాప్ పట్టుకుని మూడుసార్లు లెక్కపెట్టి, సరాసరి గైడు దగ్గరికెళ్తారు. పన్నెండని డబ్బులు తీసుకుని ఎనిమిది చూపించడం ఏం న్యాయమని నిలదీస్తారు. గైడు నవ్వుతాడు, రోజూ వినే మాటే కాబోలు. ఆయన నవ్వరు. తిరుగు ప్రయాణంలో కోలాక్ దాటేదాకా ఆ నాలుగింటి సంగతే.

అంతలో విశాఖ నుంచి బావమరిది వీడియో కాల్.

"ఏం బావా, ఎలా ఉంది?"

"ఏం చెప్పమంటావోయ్! మనదీ ఒక బీచేనా? ఇక్కడ చూడాలి!"

"అవేవో పన్నెండు రాళ్లటగా, అన్నీ చూశావా?"

"ఒక్కటి తగ్గితే ఒప్పుకుంటానా? పన్నెండూ చూశాను."